పన్ను రాలేదని పరుగెత్తాం

మొన్న రాత్రి పదిన్నరకు ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు ఫోన్ వచ్చిందంటే మా ఇళ్లలో అందరికీ గుండె దడే. చూస్తే బెంగళూరు నుంచి మా చెల్లెలి కూతురు.

"పెద్దమ్మా, పండుకున్నావా?"

"లేదులే, చెప్పమ్మా. పాప బాగుందా?"

"బాగనే ఉంది. కానీ రేపటికి పదకొండు నెలలు నిండుతాయి. నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. పక్క ఫ్లాట్‌లో బాబుకు ఏడో నెలకే రెండొచ్చినాయి. ఏదన్నా లోపముందేమో అని భయమేస్తోంది."

నాకు నవ్వొచ్చింది. వెంటనే నవ్వినందుకు సిగ్గూ వేసింది. ఇరవై ఏళ్ల కిందట ఇదే మాట, ఇదే గొంతుతో నేనూ ఊరంతా అడిగినదాన్నే. ఆ రాత్రి ఆ పిల్లకు మా ఇంటి కథ మొత్తం చెప్పాను. అందులో మావాడి పన్ను ఒక్కటే కాదు, ఇప్పటికీ తల్చుకుంటే నాకు నిద్రపట్టని మూడు రోజులు కూడా ఉన్నాయి.

మా పుట్టినూరు కర్నూలు జిల్లా పత్తికొండ పక్కన ఒక పల్లె. అత్తగారి ఊరు కడప జిల్లా వేంపల్లె దగ్గర. అత్త అంటే పరాయి మనిషి కాదు, మా నాయనకు సొంత అక్క. మేనరికం. రెండూ మెట్ట ఊళ్లే. రెండు చోట్లా వానను నమ్ముకుని శెనక్కాయ వేసేవాళ్లే. కోస్తావాళ్లు పళ్లు అనే వాటిని రెండు చోట్లా పండ్లు అనే అంటాం.

మావాడు 2005 మార్చిలో పుట్టాడు. వేళకు బోర్లాపడ్డాడు, వేళకు పాకాడు, గోడ పట్టుకుని నిలబడ్డాడు. 2006 ఉగాదికి ఏడాది దాటింది. పుట్టినరోజుకు తీసిన ఫోటోలో నోరారా నవ్వుతున్నాడు. ఆ నోట్లో పన్ను అనేది లేదు. పక్కన కూర్చున్న మా తాత నోరూ, వాడి నోరూ ఒకటే తీరు.

వీధి కొళాయి దగ్గరికి వెళితే చాలు, "ఏం మే, నీ కొడుక్కు ఇంగా పండ్లు రాల్యా?" అనేవాళ్లు. ఒకరు వస అరగదీసి చిగుళ్లకు రాయమన్నారు. ఒకరు తాయెత్తు కట్టించమన్నారు. నేను కడుపుతో ఉన్నప్పుడు పాలు సరిగా తాగలేదని ఒకావిడ తేల్చేసింది. ఇంకొకావిడ అయితే, "ఇంత ఆలస్యమైతే పై పండ్లే ముందొచ్చాయి. మేనమామకు గండం" అంది. అప్పటికి మా తమ్ముడికి పెళ్లి కూడా కాలేదు.

అత్త ఒక్కతే చలించలేదు. "వచ్చాయిలే అమ్మీ. పండ్లే రానోళ్లను యాడన్నా సూసినావా?" అని చాట తీసుకుని పక్కకు వెళ్లిపోయేది.

నా భయం వేరే ఉంది. మేనరికం చేసుకుంటే పిల్లలకు లోపాలు వస్తాయని చదువుకునే రోజుల్లో విన్నాను. అది పైకి అనలేను. అత్త నొచ్చుకుంటుంది. పొద్దున్నే లేచి, చెయ్యి కడుక్కుని వాడి చిగుళ్లు తడమడమే నాకు పూజ అయిపోయింది. ఇంకో తప్పు కూడా చేశాను. పండ్లు లేని పిల్లోడు ముద్ద ఏం నములుతాడులే అని పాలూ, పల్చటి గంజీ, నానబెట్టిన బిస్కెట్లతోనే సరిపెట్టాను.

ఏప్రిల్‌లో పుట్టింటికి వెళ్లినప్పుడు మా అమ్మ నా వాలకం చూసి, "ఇట్ల ఏడ్చుకుంటా కూర్చుంటే ఏమొచ్చాది? పా, కర్నూలుకు పోయి సూపిచ్చుకోనొద్దాం" అంది. మరుసటి రోజే బస్సెక్కాం.

ఆ పిల్లల డాక్టరు వాడి నోరు చూస్తాడని నేను రెండు చేతులతో దవడ పట్టుకుని కూర్చున్నాను. ఆయన నోరే చూడలేదు. ముందు బరువు తూచాడు. తల చుట్టూ టేపు పెట్టాడు. నడినెత్తిన మెత్తగా ఉండే మాడు తడిమాడు. మణికట్లు పట్టుకుని చూశాడు. నేల మీద దించి, బల్ల పట్టుకుని నిలబడనిచ్చాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. నెలలు నిండి పుట్టాడా? పుట్టాక పచ్చకామెర్లు చాలా రోజులు ఉన్నాయా? విరేచనం గట్టిగా అవుతుందా? మీది మేనరికమా? చివరికి ఒక వింత ప్రశ్న: "ఎండలో వీడికి చెమట పడుతుందా?"

పన్నుకూ చెమటకూ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. "పడుతుంది సార్, పడుకున్న దిండు తడిసిపోతుంది" అన్నాను. ఆయన మొహం తేలికపడింది. అప్పుడు చెప్పాడు.

కడుపులో ఆరో వారంలోనే పాలపండ్ల మొలకలు మొదలవుతాయట. బిడ్డ పుట్టేనాటికి ఇరవై పండ్లూ చిగుళ్ల కింద దవడలో ఉంటాయట. అంటే నేను రోజూ వేలితో తడిమి వెతుకుతున్నది లేని వస్తువును కాదు, ఇంకా పైకి రాని వస్తువును. ఎక్కువమందికి మొదటి పన్ను ఆరో నెల దగ్గర వస్తుంది. నాలుగో నెలలో వచ్చినా, పన్నెండో నెలలో వచ్చినా మామూలే. ఏడాది నిండినా రాకపోతే ఒకసారి చూపించుకోవాలి. ఏడాదిన్నరకూ రాకపోతే పరీక్షలు చేయించాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ నుంచి కాకుండా, కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్క వేసుకోవాలి. ఆలస్యానికి అన్నిటికంటే మామూలు కారణం ఇంటి పోలిక. అమ్మకో నాయనకో ఆలస్యంగా వచ్చి ఉంటే బిడ్డకూ అంతే.

"మరి ఇవన్నీ ఎందుకు అడిగారు సార్?" అన్నాను.

"పన్ను ఒక్కటే ఆలస్యమైతే భయం లేదమ్మా. పన్నుతో పాటు ఇంకేదైనా ఆలస్యమైందా అని చూస్తాం" అన్నాడు. విటమిన్-డి తక్కువై రికెట్స్ వస్తే పండ్లు ఆలస్యమవుతాయి, మాడు త్వరగా పూడదు, మణికట్లు లావెక్కుతాయి, నడక రాదు. ఇంత ఎండ కాసే మన సీమలో కూడా పిల్లలను ఇంట్లోనే దాచి ఉంచితే ఆ లోటు వస్తుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్న బిడ్డ మందకొడిగా ఉంటుంది, ఏడుపు తక్కువ, మలబద్ధకం ఎక్కువ. అది అసలు పండ్లు వచ్చేదాకా ఆగి కనిపెట్టాల్సిన జబ్బు కాదు. పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి రక్తపు చుక్క తీసి చూస్తే తెలుస్తుంది. వెంటనే మందు మొదలుపెడితే బిడ్డ తెలివితేటలకు ఢోకా ఉండదు, ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు.

చెమట సంగతి మాత్రం నేను ఎప్పుడూ మరిచిపోలేదు. తల వెంట్రుకలు, చెమట గ్రంథులు, పండ్లు మూడూ పిండం పైపొర నుంచే మొదలవుతాయి. ఆ పొరలోనే లోపం ఉంటే పండ్లు రావు, వచ్చినా ఒకటి రెండు మేకుల్లా మొనదేలి వస్తాయి. జుట్టు పల్చగా ఉంటుంది. చెమట పట్టదు. మన కర్నూలు, కడప ఎండల్లో చెమట పట్టని పసిబిడ్డ ఒళ్లు పెనంలా కాగిపోతుంది. ఎందుకో తెలియని జ్వరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. అలాంటి బిడ్డకు తడిబట్ట, నీడ, చల్లటి గది అవసరం. మూడు నాలుగేళ్లకే కట్టుడు పండ్లు పెట్టించి అన్నం తినేలా చేయొచ్చు. చాలా అరుదైన జబ్బే కానీ కొత్తది కాదు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సింధ్‌లో ఒక హిందూ కుటుంబంలో నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్లకు ఇలాగే పండ్లు సరిగా రాలేదని, వాళ్లు ఎండాకాలం ఒళ్లు పొడిబారి అవస్థపడేవాళ్లని చార్లెస్ డార్విన్ 1875లో వచ్చిన తన పుస్తకం ముద్రణలో రాశాడు.

మేనరికం మాట నేనే ఎత్తాను. "మేనరికంలో కొన్ని జబ్బులు బయటపడే అవకాశం పెరుగుతుంది. అందుకే అడుగుతాం. అట్లని ఆలస్యమైన ప్రతి పన్నుకూ మేనరికాన్ని తిట్టుకోవద్దు" అన్నాడు. ఏడాదిగా గుండెల్లో ఉన్న బండ దిగినట్టయింది.

ఇక అంతా అయిపోయిందని లేవబోతుంటే, "బరువు తక్కువున్నాడు. ఏం పెడుతున్నావు?" అన్నాడు. చెప్పాను. అప్పుడు మాత్రం కోప్పడ్డాడు. "చెయ్యి కడుక్కుని వేలు వాడి నోట్లో పెట్టు" అన్నాడు. పెట్టాను. మావాడు కొరికిన కొరుకుకు కెవ్వుమన్నాను. "చూశావా? ఆ చిగుళ్లు చాలు. మెత్తగా మెదిపిన పప్పన్నం, రాగి సంగటి, గుడ్డు, అరటిపండు అన్నీ తినగలడు. ఆరు నెలలు నిండగానే మొదలుపెట్టాల్సినవి ఇవన్నీ. పన్ను ఆలస్యమైతే బిడ్డకు నష్టం లేదు. పన్ను కోసం అన్నం ఆలస్యం చేస్తే నష్టం. శెనక్కాయ గింజలు మాత్రం నాలుగైదేళ్లు వచ్చేదాకా చేతికి ఇవ్వొద్దు, ఊపిరి గొట్టంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది" అన్నాడు.

గుమ్మం దాకా వచ్చాక ఆయనే పిలిచి ఇంకో మాట చెప్పాడు. "పండ్లు వచ్చేటప్పుడు చొల్లు కారుతుంది, చిగుళ్లు దురదపెడతాయి, చిరాకు పడతాడు. అంతే. గట్టి జ్వరం, బేదులు వస్తే అవి పండ్ల వల్ల కాదు. వెంటనే తీసుకురావాలి." నేను తల ఊపాను. పన్ను లోపం కాదన్న సంతోషంలో ఆ మాట సగమే విన్నాను.

మే నెలలో అత్తగారింటికి తిరిగి వచ్చేసరికి మా వదిన పుట్టింటికి వచ్చి ఉంది. ఆమె కూతురికి ఎనిమిది నెలలు. ముద్దుగా, బొద్దుగా, కింద రెండు పండ్లతో మెరిసిపోతోంది. పైన ఇంకో రెండు ఉబ్బి ఉన్నాయి. "సూడు మే, ఆడపిల్ల ఎట్ల తొందరపడుతుందో. నీ కొడుకు పెండ్లినాటికన్నా పండ్లు తెచ్చుకుంటాడా?" అని వదిన నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

నాలుగు రోజులకు ఆ పాపకు బేదులు పట్టుకున్నాయి. మొదటి రోజు ఐదారుసార్లు. "పై పండ్లు వచ్చాండాయి కదా, పండ్ల బేదులు. అయ్యే తగ్గుతాయి" అంది అత్త. తిండి తగ్గిస్తే బేదులూ తగ్గుతాయని పాలు కూడా తగ్గించారు.

రెండో రోజు పది దాటాయి. నాకు కర్నూలు డాక్టరు మాట గుర్తొచ్చింది. "అత్తా, పండ్లకు బేదులు రావని డాక్టరు చెప్పినాడు" అన్నాను.

"నీ కొడుక్కు పండ్లే ల్యాకపాయె. పండ్ల బేదుల సంగతి నీకేం తెల్చాదిలే?" అంది అత్త.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ నవ్వే నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. అత్త ఐదుగురిని పెంచిన మనిషి, నేను ఒక్కడిని కన్నదాన్ని. మావాడి పన్ను విషయంలో ఆమె మాటే నిజమని డాక్టరే చెప్పాడు కదా, ఇందులోనూ ఆమె మాటే నిజమేమో అనుకున్నాను. నిజానికి అనుకోలేదు, అలా అనుకుంటే మాట్లాడే పని తప్పుతుందని సర్దుకున్నాను.

మూడో రోజు సాయంత్రానికి పాప ఏడుస్తోంది కానీ కంట్లో నీళ్లు లేవు. కళ్లు లోపలికి పోయాయి. మాడు గుంట పడింది. మధ్యాహ్నం నుంచి ఒంటికి పోలేదు. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలబడింది. వదిన అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. జీపు మాట్లాడుకుని కడపకు బయల్దేరాం. ఆ దారి నాకు అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు. రాత్రి కూడా వడగాలే. వదిన ఒళ్లో పాప తల వాలిపోయి ఉంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆసుపత్రిలో సూది గుచ్చడానికి నరం దొరకడమే కష్టమైంది. తెల్లవారుజామున పాప ఒళ్లో తడి చేసింది. ఒక పసిబిడ్డ ఒంటికి పోస్తే అంతమంది ఏడవడం అప్పుడే చూశాను.

"ఎన్ని రోజులైంది?" అని డాక్టరమ్మ అడిగితే, "పండ్లు వచ్చాండాయి కదా అని..." అంటూ వదిన మాట మింగేసింది. ఆ డాక్టరమ్మ తిట్టలేదు. పాలసీసా తీసుకుని రబ్బరు మూత తిప్పి చూపించింది. లోపల పాలు గడ్డకట్టి పులిసి ఉన్నాయి. "ఆరో నెల దాటాక పిల్లలు పాకుతారు, దొరికింది నోట్లో పెట్టుకుంటారు, సీసాలు, బయటి తిండి మొదలవుతాయి. తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పటికి తగ్గుతూ ఉంటుంది. అదే నెలల్లో పండ్లూ వస్తాయి. అందుకే నింద పండ్ల మీద పడుతుంది" అంది. ఇంటికి పంపేటప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, 14 రోజులకు జింకు మందు ఇచ్చింది. బేదులైనా తల్లిపాలు, తిండి ఆపొద్దని రెండుసార్లు చెప్పింది.

ఈ పొరపాటు మా అత్త ఒక్కదానిదే కాదని తర్వాత చదివితే తెలిసింది. 1839లో ఇంగ్లండు, వేల్స్‌లలో పండ్లు రావడం వల్లే చనిపోయారని 5 వేలకు పైగా మరణాలు లెక్కల్లో రాసుకున్నారు. చిగుళ్లను కత్తితో కోసేవాళ్లు. పాదరసం కలిసిన పొడులు పిల్లలకు పట్టించేవాళ్లు. అవి బ్రిటన్ అంగళ్ల నుంచి పోయింది 1954లో. ఇప్పటికీ ముగియలేదు. చిగుళ్లకు రాసే బెంజొకెయిన్ జెల్లులు రెండేళ్లలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. రక్తం ప్రాణవాయువును మోసే శక్తి వాటివల్ల తగ్గిపోవచ్చు. కడిగి తడిపి చల్లబరిచిన శుభ్రమైన గుడ్డ కొరకనిస్తే చాలు. పండ్లకూ జ్వరానికీ ఉన్న సంబంధం మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2016లో పరిశీలించారు. ఒళ్లు కాస్త వెచ్చబడొచ్చు కానీ జ్వరం రాదనే తేలింది.

పాపను ఇంటికి తెచ్చిన మరుసటి రోజు పొద్దున. అందరి కళ్లూ ఆ పిల్ల మీదే. గంటకోసారి ఓఆర్ఎస్ పట్టడం, ఒంటికి పోసిందా లేదా చూడటం. నేను మావాడిని చంకనేసుకుని పప్పన్నం మెదిపి స్టీలు స్పూనుతో పెడుతున్నాను. టిక్కుమని చప్పుడైంది. రాయేమో అనుకుని వేలు పెట్టాను. గరుగ్గా తగిలింది. వారం రోజులుగా వాడి చిగుళ్లు తడమడమే మరిచిపోయాను. వాడు మాత్రం ఎవరూ చూడనప్పుడు తన పని తాను చేసుకున్నాడు. పద్నాలుగు నెలలు నిండాక. అదీ పై పన్ను!

అత్తకు చూపిస్తే వేలితో తడిమి, "వీళ్ల నాయనకూ ఇంతే గదా. శెనక్కాయలు పెరికే కాలంలో పుట్టినాడు. మళ్లా ఏడు కాయలు పెరికి, కొట్టి, ఎద్దులకు కట్టె మోసేదాకా నోట్లో పన్ను ల్యా. మీ నాయనకు ఇంగా ఆలస్యం" అంది.

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదా అత్తా! కర్నూలు డాక్టరు అడిగింది ఇదే" అన్నాను.

"నువ్వడిగితే గదా" అంది. కాసేపాగి, తల తిప్పుకుని, "నువ్వు చెప్పినప్పుడు నేనన్నా ఇనింటే బాగుండు" అంది. మా అత్త నోట అలాంటి మాట అదొక్కసారే విన్నాను.

ఇదంతా విన్నాక మా చెల్లెలి కూతురు ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఇప్పుడు నన్నేం చేయమంటావు పెద్దమ్మా?" అంది.

ఏడాది నిండాక ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి రమ్మన్నాను. కింది ముందు పండ్లు రెండూ 6 నుంచి 10 నెలల మధ్య, పైవి 8 నుంచి 12 నెలల మధ్య వస్తాయి. ముందు వెనకలైనా ఏమీ కాదు. మొదటి దవడ పండ్లు 13 నుంచి 19 నెలలకు, కోరపండ్లు 16 నుంచి 23 నెలలకు, చివరి దవడ పండ్లు 23 నుంచి 33 నెలలకు. మూడేళ్లకు మొత్తం ఇరవై. మొదటి పన్ను కనబడిన రోజు నుంచే బియ్యపుగింజంత పేస్టుతో తోమాలి. కడప జిల్లాలో కొన్ని ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి, పిల్లను ఇక్కడికి తెచ్చినప్పుడు ఏ నీళ్లు, ఏ పేస్టు అన్నది పండ్ల డాక్టరును అడగమన్నాను. చెమట పడుతుందా, నిలబడుతుందా, చురుగ్గా ఉందా, అన్నం తింటుందా అన్నవి నువ్వే రోజూ చూసుకో, పన్ను సంగతి పన్నుకు వదిలెయ్యి అన్నాను. మీ అమ్మనూ, అత్తనూ కూచోబెట్టి మీకెప్పుడు వచ్చాయో అడుగు అన్నాను.

మర్నాడు పొద్దున్నే దాని నుంచి మెసేజ్ వచ్చింది. వాళ్ల అత్తగారిని అడిగిందట. అబ్బాయికి మొదటి పన్ను పదమూడో నెలలో వచ్చిందట.

ఆనాటి పాప ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది. మావాడికి ఇరవై పాలపండ్లూ వచ్చి, అన్నీ ఊడి, వాటిని మిద్దె మీదికి విసిరేశాక గట్టి పండ్లు కూడా వచ్చాయి. చెరుకుగడ పండ్లతోనే ఒలుస్తాడు. పై పన్ను ముందొచ్చినందుకు గండం ఉందన్న మా తమ్ముడు ఆదోనిలో కాస్త పొట్ట పెంచుకుని హాయిగా ఉన్నాడు. పండ్ల నొప్పి అని వారం నుంచి ఫోన్ చేస్తున్నాడు. డాక్టరు దగ్గరికి మాత్రం ఇంకా పోలేదు.